సీతాఫలాల గంప మీద రిస్క్ రూల్: పైసలు ఆపే ముందు ఏం చూడాలె?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకొని చదవండి. ఇది నోటిఫికేషన్ల గురించో స్కాలర్‌షిప్ గురించో కాదు. నిజాంపేట రోడ్డు మీద గంప పెట్టుకొని అమ్మే మనోళ్ళ క్యూఆర్ కోడ్ గురించి, ఆ కోడ్‌లోకి వచ్చిన పైసలను ఎవరు ఏ లెక్కన ఆపుతున్నరు అన్నదాని గురించి.

మేము నిజాంపేటల రూములు, హాస్టళ్ళల్ల ఉంటున్న కొందరం. మాలో సగం మంది ఇంకా చదువుకుంటున్నం. ఇద్దరు ముగ్గురం రాయదుర్గం దిక్కు ఆఫీసుల్లో పేమెంట్ కంపెనీల రిస్క్ టీమ్‌లకు షిఫ్టుల్లో పనిచేస్తున్నం. అంటే రూల్ కొట్టిన అలర్ట్ వచ్చేది మా స్క్రీన్ మీదికే, రూల్ దెబ్బ తగిలేది మా చుట్టాలకే. మా పక్క ఫ్లాట్లల్ల ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్ళల్ల కూడా ఇట్లాంటి రూల్స్ రాసేటోళ్ళు ఉన్నరు. సాయంత్రం జేఎన్‌టీయూ మెట్రో దిగి, నిజాంపేట క్రాస్ రోడ్డు కాడ వాళ్ళు కొనే పండ్లు మనోళ్ళ గంపలోనివే.

పోయిన సీతాఫలాల సీజన్‌ల జరిగింది చెప్తం. మనిషి పేరు రాయం, కంపెనీ పేరు కూడా రాయం. వికారాబాద్ దిక్కు ఒక తండా నుంచి వచ్చి, ఏటా రెండు నెలలు ఇక్కడ సీతాఫలాలు అమ్మే అక్క. ఆమెకు క్యూఆర్ కోడ్ ఉంది, పక్కన పైసలు పడితే చెప్పే స్పీకర్ డబ్బా ఉంది. ఒకరోజు పొద్దున నుంచి డబ్బా మోగుతనే ఉంది, గిరాకీ బాగనే అయింది, కానీ మర్నాడు బ్యాంకు ఖాతాలో పడాల్సిన పైసలు పడలె. రెండో రోజూ అంతే. నాలుగు రోజుల గిరాకీ కంపెనీ దగ్గరే ఆగిపోయింది. ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషుల. పైసలు వచ్చినప్పుడు డబ్బా తెలుగుల చెప్తది, ఆగినప్పుడు మాత్రం ఇంగ్లీషుల మెసేజ్. ఆమె పండ్లు తెప్పించుకోవాలంటే రాత్రికి చేతుల నగదు ఉండాలె, ఆటోకు కిరాయి ఇవ్వాలె. గిరిగిరి ఫైనాన్స్ వాళ్ళ దగ్గర అప్పు తెచ్చింది. సీతాఫలం రెండు రోజులు ఆగితే మెత్తబడిపోతది, రివ్యూ అయ్యేదాకా ఆగదు. తొమ్మిదో రోజు హోల్డ్ తీసేసిండ్రు. కారణం ఏందని అడిగితే "సిస్టమ్ జనరేటెడ్" అన్నరు.

సిస్టమ్‌కు ఏం కనబడిందో మేము ఊహించగలం, ఎందుకంటే ఆ రూల్స్ ఎట్లా ఉంటయో తెలుసు. పేర్లు పెద్దగ ఉన్నా విషయం చిన్నదే. పది నెలలు కదలని ఖాతా ఒక్కసారి లేచి రోజుకు వంద లావాదేవీలు చేస్తే అనుమానం. రిజిస్టర్ చేసిన ఊరు ఒకటి, పైసలు వస్తున్న జాగ ఇంకొకటి అయితే అనుమానం. కట్టేటోళ్ళలో ఎక్కువమంది మొదటిసారి కట్టేటోళ్ళయితే అనుమానం. ఒకే ఫోన్‌లో నాలుగైదు దుకాణాల ఖాతాలు తెరిచి ఉంటే పెద్ద అనుమానం. ఒక్కోదానికి కొన్ని మార్కులు. మార్కులన్నీ కలిపి గీత దాటితే, మనిషి ఎవరూ చూడకముందే సెటిల్‌మెంట్ ఆగుతది.

ఈ ప్రతి అనుమానానికి ఒక న్యాయమైన కారణం ఉంది. అది ఒప్పుకోకుండా మాట్లాడితే మనం మోసగాళ్ళ పక్క నిలబడ్డట్టే అయితది. సైబర్ మోసం చేసేటోడు దోచిన పైసను కిరాయి ఖాతాల్లోకి తోలుతడు. ఆ ఖాతా కొన్నాళ్ళు పడుకొని ఉంటది, ఒకరోజు లేస్తది, పైసలు వచ్చి గంటల్లో పోతయి. దుకాణం పేరుతో ఖాతా తెరిస్తే ఇంకా సులువు, రోజంతా పైసలు వచ్చినా ఎవరూ అడగరు. అందుకే 2020 మార్చి 17న ఆర్‌బీఐ పేమెంట్ అగ్రిగేటర్లకు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు, దుకాణాన్ని చేర్చుకునే ముందు దాని వెనకా ముందూ చూసుకోవాలె అన్నది. 2024 డిసెంబరులో ఈ కిరాయి ఖాతాలను పట్టడానికి రిజర్వ్ బ్యాంక్ ఇన్నోవేషన్ హబ్ తయారుచేసిన మ్యూల్‌హంటర్ గురించి కూడా ప్రకటించింది. ఇవన్నీ కావాల్సినవే. పెన్షన్ పైసలు పోగొట్టుకున్న ముసలి సారు ఇంట్ల కూర్చొని ఏడుస్తుంటే "రూల్స్ వద్దు" అని మేము అనం.

కానీ ఆ అనుమానాలను ఇంకోసారి చదవండి, ఈసారి మన బతుకు పక్కన పెట్టి.

మేడారం తీసుకుందాం. రెండేళ్ళకు ఒకసారి, మాఘ పున్నమికి, నాలుగు రోజులు. 2024ల ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026ల జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. గద్దెల దారిలో బెల్లం అమ్మే మనిషి ఖాతా, అదే మనం బంగారం అంటం కదా, ఇరవై మూడు నెలలు చల్లగ ఉంటది. తర్వాత నాలుగు రోజులు నిప్పు మీద ఉన్నట్టు. కొనేటోళ్ళందరూ మొదటిసారి కట్టేటోళ్ళే, మళ్ళీ జన్మల రారు. అర్ధరాత్రి రెండు గంటలకు కూడా గిరాకీ ఉంటది, ఎందుకంటే జాతర నిద్రపోదు. హైదరాబాద్‌లో రిజిస్టర్ చేసుకొని అక్కడికి పోయి అమ్మితే, మధ్యల రెండు వందల కిలోమీటర్లపైన దూరం. మొత్తం మార్కులు కలిపి చూడండి: పడుకున్న ఖాతా, వేగం, దూరం, అర్ధరాత్రి, కొత్త మొఖాలు. అమ్మవారి జాతరల బెల్లం అమ్మే మనిషి, మోసగాడి బొమ్మకు అచ్చు గుద్దినట్టు సరిపోతడు. కేస్లాపూర్ నాగోబా జాతర అయినా అంతే. ఎండాకాలం ఇప్పపువ్వు, తునికాకు పైసలు వచ్చే ఇండ్లల్లో అయినా అంతే. మన ఆదాయం నెల జీతం లెక్క రాదు, వాన లెక్క వస్తది. రూల్ రాసినోడికి నెల జీతమే తెలుసు.

పేర్ల సంగతి ఇంకో కథ. ఆధార్‌ల బానోతు, పాస్‌బుక్కుల బానోత్, పాన్ కార్డుల బి అని ఒక్క అక్షరం. భూక్యాకు ఇంగ్లీషుల హెచ్ ఒక కార్డుల ఉంటది, ఇంకో కార్డుల ఉండదు. అజ్మీరా, ఆజ్మీరా. మడకం, మడ్కం. బడిల సారు చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసిండు, మిషన్ ఇప్పుడు దాన్ని "పేరు కలవలేదు" అంటది. పుట్టిన తేదీ చూస్తే తండా సగం జనవరి ఒకటో తారీఖునే పుట్టినట్టు ఉంటది. ఇంటి నంబర్లు లేని తండాల, గూడేలల్ల అందరి అడ్రసూ ఒకటే. ఇక ఫోన్. చదువుకున్న పిల్లగాడు ఒక్కడు, వాడి ఫోన్‌లోనే ఐదుగురు చిన్నమ్మలకు, పెద్దమ్మలకు ఖాతాలు తెరిచి క్యూఆర్ ఇప్పిస్తడు. ఆ పిల్లగాడు చేసింది మంచిపని. కానీ ఒకే ఫోన్, ఒకే అడ్రసు, ఒకే పుట్టినరోజు, దగ్గర దగ్గర ఇంటిపేర్లు. లింకులు కలిపి చూసే రూల్‌కు అది ముఠా. మా షిఫ్టుల ఇట్లాంటి బొమ్మ స్క్రీన్ మీద చూసినం: మధ్యల ఒక చుక్క, చుట్టూ ఐదు చుక్కలు. మాకు అది చూడంగనే వాడకట్టు అని అర్థమయింది. పక్క సీటు అతనికి అది క్రైమ్ రింగ్. అతను చెడ్డోడేం కాదు, అతనికి తండా తెలియదు, అంతే.

(ఒక మాట. ఈ విషయంల తండా, గూడెం అని మనలో మనం కొట్లాడుకునేది ఏం లేదు. మిషన్ ఇద్దర్నీ సమానంగానే అనుమానిస్తది.)

"మిషన్‌కు కులం లేదు, అందరికీ ఒకటే రూల్" అని ఆఫీసుల్లో అంటరు. అందరికీ ఒకటే రూల్ నిజమే. కానీ గీత ఎక్కడ గీసిండ్రు? పాత డేటా తీసుకొని, మామూలు దుకాణం ఎట్లా ఉంటదో చూసి, దానికి ఎంత దూరం ఉంటే అనుమానించాలో పెట్టిండ్రు. ఆ డేటాలో ఎక్కువ ఉన్నది ఏడాది పొడుగూ షట్టర్ తీసే కిరాణం, మెడికల్ షాపు, కర్రీ పాయింట్. కులం అడగకుండనే గీత మనోళ్ళను బయట పెడతది.

ఒక లెక్క చెప్తం. ఇది అర్థం కావడానికి మేము అనుకుంటున్న అంకెలే. పదివేల మంది చిన్న వ్యాపారులు ఉన్నరు, అందులో పది మంది దొంగలు అనుకుందాం. రూల్ చాలా తెలివైంది, పది మంది దొంగలల్ల తొమ్మిది మందిని పడతది. మంచోళ్ళను నూటికి ఇద్దరినే పొరపాటున పడతది. బాగుంది కదా? ఇప్పుడు లెక్క కట్టండి. మంచోళ్ళు 9,990 మంది, అందులో నూటికి ఇద్దరంటే దాదాపు 200 మంది. అంటే రూల్ ఆపిన 209 మందిలో దొంగలు తొమ్మిది మంది, 200 మంది గంప పెట్టుకొని బతికేటోళ్ళు. మీటింగుల్లో మాత్రం "దొంగల్లో తొంభై శాతం పట్టినం" అన్న స్లైడే కనబడతది. ఆ 200 మంది ఎన్ని రోజులు ఆగిండ్రు, ఎన్ని పండ్లు పారబోసిండ్రు అన్న స్లైడ్ ఉండదు. మా వాదన మొత్తం ఆ లేని స్లైడ్ గురించే.

ఎందుకు ఉండదంటే, చిన్న వ్యాపారి మీద కంపెనీకి వచ్చేది తక్కువ. 2020 జనవరి నుంచి యూపీఐ మీద దుకాణదారు నుంచి ఎండీఆర్ ఛార్జీ లేదు. 2025 మార్చిల కేంద్ర కేబినెట్ 2024-25కు ఒప్పుకున్న ప్రోత్సాహకం లెక్కన రెండు వేల లోపు చెల్లింపుకు చిన్న వ్యాపారి తరఫున ఇచ్చింది 0.15 శాతం. వంద రూపాయల సీతాఫలాలకు పదిహేను పైసలు, అది కూడా ఒక్కరికే పోదు, పంచుకోవాలె. పదిహేను పైసల కోసం ఫోన్ ఎత్తి తెలుగుల మాట్లాడే మనిషిని ఎవరు పెడతరు? ఆపడం మిషన్‌కు ఉచితం, విడిపించడానికే మనిషి కావాలె. ఆ ఖర్చు కంపెనీ నుంచి జారి అక్క మీద పడ్డది.

కంపెనీ రూల్ ఒక్కటే కాదు, పోలీసు ఫిర్యాదు దారి కూడా ఉంది. 2021 నుంచి నడుస్తున్న సైబర్ మోసాల హెల్ప్‌లైన్ ఇప్పుడు 1930. ఫిర్యాదు రాగానే పోయిన పైస ఏ ఖాతాకు పోయింది, అక్కడి నుంచి ఎక్కడికి పోయింది అని బ్యాంకులు వరసగా వెతుకుతయి, దొరికిన ప్రతి ఖాతా మీద హోల్డ్ పడతది. మంచి వ్యవస్థే, తొందరగా ఫోన్ చేసినోళ్ళ పైసలు దక్కుతున్నయి. కానీ దొంగ కూడా చాయ్ తాగుతడు. వాడు ఇరవై రూపాయలు కొట్టిన చాయ్ బండి కూడా ఆ వరసలో ఒక మెట్టు అయితది. ఢిల్లీల చోలే భటూరే అమ్మే ఒకాయనకు ఇదే జరిగింది. అనుమానం ఉన్న మొత్తం 105 రూపాయలు, ఆపింది మొత్తం ఖాతా. 2024 చివర్ల ఢిల్లీ హైకోర్టు దాకా పోతే, ఆ 105 రూపాయల మీదనే హోల్డ్ ఉంచి మిగతా ఖాతా వదలమన్నది. 2023ల కేరళ హైకోర్టు కూడా ఇట్లాంటి కేసుల్లో ఎంత మొత్తం మీద అనుమానమో అంతవరకే ఆపాలని చెప్పింది. 105 రూపాయల కోసం హైకోర్టు. మన గంప అక్క ఏ హైకోర్టుకు పోవాలె?

ఇక్కడ మన తెలంగాణ హైకోర్టు మాట ఒకటి గుర్తు చెయ్యాలె. పెద్ద రుణం తీసుకున్న కంపెనీ ఖాతాను బ్యాంకులు "ఫ్రాడ్" అని ముద్ర వేసిన కేసుల, ముద్ర వేసే ముందు వాళ్ళ మాట వినాలె అని 2020 డిసెంబరులో మన హైకోర్టు చెప్పింది. 2023 మార్చి 27న సుప్రీంకోర్టు అదే నిలబెట్టింది. 2024 జులై 15న ఆర్‌బీఐ తన ఫ్రాడ్ నిబంధనలు మార్చి, నోటీసు ఇచ్చి జవాబుకు కనీసం 21 రోజులు ఇవ్వాలన్నది. చట్టం లెక్కన ఈ రెండు విషయాలు ఒకటి కాదు, మాకు తెలుసు. సైబర్ మోసంల 21 రోజులు ఆగితే పైసలు దేశం దాటుతయి, అది కూడా తెలుసు. అయినా పక్కపక్కన పెట్టి చూడండి. కోట్ల అప్పు తీసుకున్నోళ్ళకు ముందు నోటీసు, 21 రోజులు, రాతపూర్వకంగా కారణం. పదకొండు వేల గిరాకీ ఆగినామెకు "సిస్టమ్ జనరేటెడ్".

మరి ఏం చెయ్యాలె? ఉత్త తిట్లతోని పని కాదు. రూల్స్ టీముల్లో మనోళ్ళు ఉన్నరు, ఇంకా వస్తున్నరు. కాబట్టి వాళ్ళు అడగగలిగే సంగతులు రాస్తున్నం.

అన్నింటికంటే ముందు, కొత్త రూల్‌ను పెట్టిన రోజే ఆపే అధికారం ఇవ్వొద్దు. కొన్ని వారాలు ఉత్తగ చూడనియ్యాలె. ఎవరిని పట్టేదో రాసుకుంటది, కానీ పైస ఆపదు. ఆ లిస్టు తీసి మనుషులు ఫోన్ చేసి కనుక్కుంటే, ఇండ్ల ముఠా ఎవరు, వాడకట్టు ఎవరు తెలుస్తది. ఈ పద్ధతి అన్ని కంపెనీలకూ తెలిసిందే, పండగ ముందు తొందరల వదిలేస్తరు. పండగ ముందే కదా మనోళ్ళ సీజన్.

రెండోది మాకు చాలా ముఖ్యం. వేగం కాదు, ఒక్కో చెల్లింపు సైజు చూడండి. రోజుకు మూడు వందల చెల్లింపులు, ఒక్కోటి 50 నుంచి 300 రూపాయలు అంటే అది జాతర, లేకపోతే సీజన్. మూడే చెల్లింపులు, ఒక్కోటి 49 వేలు అంటే అది బెల్లం కాదు. "పండ్ల వ్యాపారులకు మినహాయింపు ఇస్తే దొంగలందరూ పండ్ల వ్యాపారులైతరు" అని మా టీమ్‌లో ఒక సీనియర్ అన్నడు. నిజమే. అందుకే మేము మినహాయింపు అడుగుతలేం. పండ్ల వ్యాపారిని పండ్ల వ్యాపారితో పోల్చమంటున్నం. పోయిన సీజన్‌ల ఆమె ఎట్లా అమ్మింది, పక్క గంపలు ఎట్లా అమ్ముతున్నయి, దానితోని చూడండి, మెడికల్ షాపుతోని కాదు. సీతాఫలాల నెలలు, మేడారం, నాగోబా తేదీలు క్యాలెండర్‌లో పెట్టుకోవడం కష్టమా? దీపావళి సేల్‌కు గీత మార్చడం వస్తది కదా.

ఆపినా అనుమానం ఉన్న మొత్తమే ఆపాలె, కోర్టులు చెప్పినట్టు. చిన్న వ్యాపారి అయితే ఒక రోజుల మనిషి చూడకపోతే హోల్డ్ దానంతట అదే పోవాలె. దొంగ దీన్ని వాడుకుంటడు అంటరా, అయితే ఒక రోజుల చూసే మనిషిని పెట్టండి. కారణం తెలుగుల చెప్పాలె, డబ్బాకు గొంతు ఎట్లాగూ ఉంది. ఇక ప్రతి రూల్ కింద ఒక అంకె రాయాలె: ఇది ఆపినోళ్ళల్ల తర్వాత ఎంతమంది మంచోళ్ళని తేలింది? పదిమందిలో తొమ్మిది మంది మంచోళ్ళయితే ఆ రూల్ పెట్టినోడిని అడగాలె. మాసాబ్ ట్యాంక్‌ల ఆర్‌బీఐ 1996ల పెట్టిన ఐడీఆర్‌బీటీ ఉంది, బ్యాంకుల టెక్నాలజీ మీద పరిశోధన చేసేదే. చిన్న వ్యాపారుల మీద పొరపాటు హోల్డ్‌ల గురించి ఒక లెక్క తీయమని అడగడానికి మనకు బస్సు టికెట్ ఖర్చే.

అంకె ఒక్కటి చూసి మనిషిని అంచనా కడితే ఏమయితదో 2025 జులైల బెంగళూరుల చూసినం. యూపీఐల వచ్చిన మొత్తం చూసి పన్నుల శాఖ చిన్న దుకాణాలకు నోటీసులు పంపింది. హావేరిలో కూరగాయలు అమ్మే ఒకాయనకు 29 లక్షల నోటీసు, తాజా కూరగాయల మీద జీఎస్‌టీ లేకపోయినా. తర్వాత ప్రభుత్వం వెనక్కి తగ్గింది, కానీ అప్పటికే దుకాణాలు క్యూఆర్ కోడ్లు పీకేసి "ఓన్లీ క్యాష్" బోర్డులు పెట్టినయి. నగదుకు తిరిగి పోతే మనకే నష్టం. ఇప్పుడు ఆ క్యూఆర్ లెక్క చూపిస్తేనే బ్యాంకుల చిన్న లోన్ దొరికే దారి ఉంది. అది మూసుకుంటే మళ్ళీ గిరిగిరి వాళ్ళే దిక్కు.

హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక గట్టి మాట. టెలిగ్రామ్‌ల "ఖాతా కిరాయికి ఇయ్యి, వారానికి ఇంత" అనేటోళ్ళు మన పిల్లలను వెతుక్కుంటూ వస్తున్నరు. ఫీజు కట్టలేని పిల్లగాడికి ఐదు వేలు పెద్ద పైసలే. కానీ ఖాతా నీ పేరు మీద ఉంటది, కేసు కూడా నీ పేరు మీదనే. ఉద్యోగానికి వెరిఫికేషన్ వచ్చినరోజు అది బయటపడతది. ఒక పిల్లగాడు ఖాతా కిరాయికి ఇస్తే, అదే అడ్రసుతో ఉన్న తండా మొత్తానికి మార్కులు పెరుగుతయి, పైన చెప్పిన చుక్కల బొమ్మ గుర్తు చేసుకోండి. ఏటీఎం కార్డు, సిమ్ కార్డు ఎవరికీ ఇవ్వకండి. చిన్నమ్మలకు క్యూఆర్ తెరిస్తే వాళ్ళ సొంత సిమ్‌తోని, వాళ్ళ ఫోన్‌లోనే తెరవండి. పేరు ఆధార్‌ల ఎట్లా ఉందో పాస్‌బుక్కుల అట్లా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, సీజన్ మొదలైనంక కాదు.

పైసలు ఆగితే: మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. ఆపింది కంపెనీయా, బ్యాంకా, పోలీసు ఫిర్యాదు మీదనా అన్నది ముందు రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే మూడింటికి దారి వేరు. పోలీసు ఫిర్యాదు అయితే ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఫిర్యాదు నంబరు ఎంత అని బ్యాంకు దగ్గర తీసుకోండి. పండ్లు కొన్న చీటీలు, ఆటో కిరాయి, మార్కెట్ రసీదులు, బండి దగ్గర తీసిన ఫొటో, ఇవే మన రుజువులు. ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, పైసా ఖర్చు లేదు, వివరాలకు 14448. ముప్పై రోజులు సీతాఫలానికి చాలా ఎక్కువ అని మాకూ తెలుసు. అయినా కాగితం మీద పడని కేసు ఎవరి లెక్కలోకీ రాదు.

వచ్చే సీతాఫలాల సీజన్ లోపల నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి, మియాపూర్ దిక్కు మనోళ్ళకు జరిగిన ఇట్లాంటి హోల్డ్‌లన్నీ ఒక దగ్గర రాయాలని అనుకుంటున్నం. ఏ తేదీన ఆగింది, ఎంత ఆగింది, ఎన్ని రోజులు, ఏం కారణం చెప్పిండ్రు, ఆఖరికి వచ్చినయా లేదా. ఖాతా నంబర్లు, ఆధార్ వద్దు. మీ ఇంట్ల, మీ తండాల, మీ గూడెంల ఎవరికన్నా అయి ఉంటే ఈ ఐదు సంగతులు రాసి పంపండి. ఆదివారం సాయంత్రం బండారి లేఅవుట్ దిక్కు మా రూముల కూర్చొని పట్టిక కడుతున్నం, కంప్యూటర్ వచ్చినోళ్ళు ఇద్దరు తోడు రావాలె.